అయిదు పద్ధతులు, అయిదు జవాబులు: థీసిస్‌లో ఏది రాయాలి?

ఈ వారం ఉత్తరం ఒక పరిశోధక విద్యార్థిని రాసింది. పేరు వద్దన్నారు. బయోస్టాటిస్టిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నారు, చివరి దశలో ఉన్నారు. హై బీపీతో సంబంధం ఉన్న జన్యువులను వెతకడానికి వాడే గణాంక పద్ధతుల్లో ఏది ఎక్కడ పనికొస్తుందో పోల్చి చూడటం ఆమె థీసిస్. ఇరవై పైచిలుకు పెద్ద కుటుంబాల నుంచి ఎనిమిది వందల మంది డేటా చేతిలో ఉంది. ఒక్కొక్కరి జన్యు క్రమం ఉంది, కొన్నేళ్ల వ్యవధిలో మూడు నాలుగుసార్లు కొలిచిన బీపీ ఉంది. అయిదో వంతు మంది మాత్రలు వాడుతున్నవాళ్లే.

ఆమె మాటల్లోనే కొంత: “మేడమ్, మామూలు రిగ్రెషన్ వేస్తే డజన్ల కొద్దీ స్నిప్‌లు (జన్యు క్రమంలో ఒక్క అక్షరం తేడా ఉన్న చోట్లు) గీత దాటుతున్నాయి, అంటే బీపీతో సంబంధం ఉన్నట్టు చూపిస్తున్నాయి. బంధుత్వాన్ని లెక్కలోకి తీసుకునే మిక్స్‌డ్ మోడల్ వేస్తే ఒక్కటీ మిగలడం లేదు. జన్యువు మొత్తాన్ని ఒక యూనిట్‌గా చూసే బర్డెన్ టెస్ట్‌లో ఏమీ లేదు. జన్యువునే యూనిట్‌గా చూసే స్కాట్ (SKAT) అనే ఇంకో పరీక్షలో మాత్రం ఒక జన్యువు మెరుస్తోంది. అయిదోది నేను సొంతంగా తయారుచేసుకున్న పద్ధతి, అన్ని విజిట్‌ల బీపీనీ కలిపి చూస్తుంది. దానిమీదే ఇన్నాళ్లూ కష్టపడ్డాను. సిమ్యులేషన్‌లో, అంటే జవాబు ముందే తెలిసేలా కంప్యూటర్‌లో తయారుచేసిన డేటా మీద, అది మామూలు మిక్స్‌డ్ మోడల్ కంటే వెనకబడింది. గైడ్‌గారేమో ‘స్కాట్ రిజల్ట్‌ని హెడ్డింగ్‌లో పెట్టు, మిగతావి తీసెయ్, మన పద్ధతి గెలిచే సిమ్యులేషన్లే చూపించు’ అంటున్నారు. ఆయన చెడ్డవారు కాదు, నాకు ఎంతో నేర్పారు. కాదంటే థీసిస్ ఆగిపోతుందేమోనని టెన్షన్. మా నాన్నగారికీ బీపీ. ఫోన్ చేసినప్పుడల్లా ‘మనింట్లో ఇది ఎందుకొస్తోందో తేలిందా అమ్మా’ అని అడుగుతారు. ఏం చెప్పాలో తెలియక మాట మార్చేస్తున్నాను.”

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అయిదు పద్ధతులు అయిదు రకాలుగా మాట్లాడుతున్నాయని మీరు బెంగపడుతున్నారు. నాకు మాత్రం అవి చాలావరకు ఒకే కథ చెబుతున్నట్టు కనిపిస్తోంది. ఒక్కో పద్ధతి ఒక్కో ప్రశ్న అడుగుతుంది, కాబట్టి జవాబులు వేరుగా రావడం వింతేమీ కాదు. గైడ్‌గారితో ఏం మాట్లాడాలన్నది ఆ లెక్కలు విడదీశాక చూద్దాం, ఎందుకంటే ఆ మాటలకు కావాల్సిన బలం అక్కడే ఉంది.

మామూలు రిగ్రెషన్‌తో మొదలుపెడదాం. అది మీ ఎనిమిది వందల మందినీ ఒకరికొకరు ఏమీ కాని మనుషులనుకుంటుంది. కానీ అన్నదమ్ములకు జన్యువులూ కలుస్తాయి, బీపీ కూడా కలుస్తుంది. ఒకే సమాచారాన్ని పదేపదే లెక్కపెట్టి, తన అంచనా మీద తనకు లేని నమ్మకం తెచ్చుకుంటుంది. పీ-విలువలు, అంటే ఏ సంబంధమూ లేకున్నా ఇలాంటి ఫలితం ఊరికే వచ్చే అవకాశాలు, ఉండాల్సినదానికంటే చిన్నవైపోతాయి. మీరు చేయాల్సిందల్లా వచ్చిన పీ-విలువలను ఊరికే వస్తే ఉండాల్సినవాటితో పోల్చే క్యూక్యూ ప్లాట్‌ను జీనోమ్ మొత్తం మీద గీసి, సంకేతాలు ఎంత ఉబ్బాయో చెప్పే లాంబ్డా చూడటం. అది 1 దగ్గర ఉండాలి. రిగ్రెషన్‌లో అది బాగా పైకి పోయి, మిక్స్‌డ్ మోడల్‌లో 1 దగ్గరకు వచ్చి కూర్చుంటే ఆ డజన్ల స్నిప్‌ల సంగతి అక్కడితో తేలిపోయింది. అవి బంధుత్వపు నీడలు. వాటికోసం ఒక రాత్రి నిద్ర కూడా పోగొట్టుకోవద్దు.

మరి మిక్స్‌డ్ మోడల్‌లో ఏమీ రాలేదే అంటారు. రాదు. ఎందుకు రాదో ఒక్కసారి కాగితం మీద వేసి చూడండి. సాధారణంగా కనిపించే జన్యు తేడాల్లో ఒక్కోటి సిస్టాలిక్ బీపీని (పై అంకెను) మార్చేది మహా అయితే 1 మిల్లీమీటరు, చాలావాటికి అంతకంటే తక్కువే. జనాభాలో ఆ తేడా 30 శాతం యుగ్మవికల్పాల్లో ఉందనుకోండి, సిస్టాలిక్ స్టాండర్డ్ డీవియేషన్ (మనుషుల మధ్య హెచ్చుతగ్గుల కొలత) 18 అనుకోండి. అప్పుడు ఆ ఒక్క స్నిప్ వివరించేది బీపీ హెచ్చుతగ్గుల్లో 0.13 శాతం. దాన్ని జీనోమ్ మొత్తం వెతికేటప్పుడు పీ-విలువకు పెట్టే 5×10⁻⁸ అనే గీత దాటించి, నూటికి ఎనభైసార్లు పట్టుకోవాలంటే బంధుత్వం లేని 30 వేల మంది కావాలి. మీ దగ్గరున్నది ఎనిమిది వందలు, అందులోనూ బంధువులు. వాళ్లిచ్చే స్వతంత్ర సమాచారం ఇంకా తక్కువ.

ఈ లెక్క గాల్లోది కాదు, ఈ రంగం నడిచిన దారి కూడా అదే చెబుతుంది. 2007లో వెల్‌కమ్ ట్రస్ట్ కేస్ కంట్రోల్ కన్సార్షియం ఏడు జబ్బుల మీద, ఒక్కోదానికి 2,000 మంది రోగులతో పెద్ద అధ్యయనం చేసింది. మిగతా జబ్బుల్లో చాలావాటికి గట్టి సంకేతాలు దొరికాయి, హై బీపీకి మాత్రం ఒక్కటీ గీత దాటలేదు. పోల్చడానికి తీసుకున్న 3,000 మందిలో బీపీ ఉన్నవాళ్లను వేరుచేయకపోవడం కూడా దానికి ఒక కారణమని తరవాత అనుకున్నారు. 2009లో రెండు అంతర్జాతీయ బృందాలు ఒక్కోటి దాదాపు 30 వేల మందితో దిగి, ఫలితాలు పరస్పరం సరిచూసుకున్నాక డజను అటూఇటూగా దొరికాయి. 2018లో పది లక్షల మంది దాటాక మొత్తం 901 చోట్లకు చేరింది. ఈ వరసలో మీ ఎనిమిది వందలను పెట్టి చూసుకుంటే మీ మిక్స్‌డ్ మోడల్ ఓడిపోలేదని, ఉన్నమాట చెప్పిందని మీకే అర్థమవుతుంది.

నాన్నగారికి చెప్పాల్సింది కూడా ఇక్కడే ఉంది. బీపీ ఒక జన్యువుతో వచ్చేది కాదు, వందల చోట్ల నుంచి కొంచెం కొంచెంగా తోసేది అని చెప్పండి. ఒకే జన్యువులో లోపం వల్ల బీపీ బాగా పెరిగే జబ్బులు, లిడిల్ సిండ్రోమ్ లాంటివి, ఉన్నాయి గానీ చాలా అరుదు. ఇంట్లో ఒకే ఉప్పు, ఒకే అలవాట్లు పంచుకోవడం కూడా లెక్కలోకి వస్తుంది. జన్యువేదో తేలేదాకా ఆయన మాత్రలకూ, మీ చెకప్‌కూ ఆగాల్సిన పని లేదు. మాట మార్చకండి. ఆయన అడుగుతున్నది మీ పని గురించి, చెబితే సంతోషిస్తారు.

ఇక అసలు చిక్కు, స్కాట్. బర్డెన్ టెస్ట్‌లో లేనిది స్కాట్‌లో ఎందుకొచ్చింది? బర్డెన్ ఒక జన్యువులోని అరుదైన మార్పులన్నిటినీ కూడి ఒకే సంఖ్య చేస్తుంది. అన్నీ ఒకే దిక్కుకు తోస్తే అది చాలా బలంగా పనిచేస్తుంది. కొన్ని బీపీని పెంచి, కొన్ని తగ్గిస్తే కూడికలో కొట్టుకుపోతాయి. స్కాట్ దిక్కును వదిలేసి, ఎంత కదిలిందన్నది మాత్రమే చూస్తుంది. కాబట్టి మీ ఫలితానికి ఒక అర్థం, ఆ జన్యువులో రెండు దిక్కులకూ తోసే మార్పులున్నాయని. ఇంకో అర్థం, చాలా మార్పుల్లో ఒకటో రెండో మాత్రమే పనిచేస్తున్నాయని. మూడోది కూడా ఉంది, నాకు అనుమానం దానిమీదే: ఒక్క కుటుంబం మొత్తం లెక్కను లాగేస్తోందని.

ముందు ఒక సంగతి చూసుకోండి. మీరు నడిపింది మామూలు స్కాటా, ఎవరు ఎవరికి ఎంత దగ్గరో చెప్పే బంధుత్వ మాత్రికను కలుపుకున్న ఫ్యామిలీ స్కాటా? ఉత్తరంలో ఆ మాట లేదు. మామూలుదే అయితే రిగ్రెషన్‌కు పట్టిన జబ్బే దీనికీ పట్టి ఉంటుంది, గైడ్‌గారితో వాదించాల్సిన అవసరమే రాదు. ఫ్యామిలీ స్కాటే అయితే ఆ జన్యువును తెరిచి కూర్చోండి. అందులో ఎన్ని అరుదైన మార్పులున్నాయి, ఒక్కోదాన్ని మోస్తున్నవాళ్లు ఎందరు, వాళ్లు ఏ కుటుంబం వాళ్లు, వాళ్ల బీపీ ఎంత, మాత్ర వాడుతున్నారా? ఒక చిన్న పట్టిక వేయండి. తరవాత ఒక్కో కుటుంబాన్నీ తీసేస్తూ పీ-విలువ మళ్లీ కట్టండి. ఇరవై పైచిలుకు కుటుంబాల్లో ఏదో ఒకదాన్ని తీసేయగానే సంకేతం కుప్పకూలితే, మీ దగ్గరున్నది ఒక కుటుంబపు కథ. అది కూడా ఆసక్తికరమే. ఆ మార్పు ఉన్నవాళ్లకే ఆ కుటుంబంలో బీపీ ఉందా, లేనివాళ్లకు లేదా అని తరాల వెంట వెళ్లి చూడొచ్చు. కాకపోతే దాన్ని హై బీపీ జన్యువు అని హెడ్డింగ్‌లో పెట్టలేం.

బర్డెన్ లాంటి పద్ధతుల తర్కం బాగా నడిచిన చోటు ఒకటి చెబుతాను, ఎందుకంటే పోలిక అక్కడ తెలుస్తుంది. 2008లో ఫ్రామింగ్‌హామ్ గుండె అధ్యయనంలోని మూడు వేల మంది పైచిలుకులో ఎస్‌ఎల్‌సీ12ఏ3, ఎస్‌ఎల్‌సీ12ఏ1, కేసీఎన్‌జే1 అనే మూడు జన్యువులను చదివారు. మూడూ మూత్రపిండాల్లో ఉప్పును తిరిగి లాక్కునే పనికి చెందినవి. వాటిని పాడుచేసే అరుదైన మార్పు ఒక్క కాపీ ఉన్నవాళ్లకు కూడా బీపీ తక్కువగా కనిపించింది. అక్కడ జన్యువులను ముందే ఎంచుకున్నారు, పనిని చెడగొట్టే మార్పులనే తీసుకున్నారు, దిక్కు ముందే తెలుసు. అలాంటి చోట కూడికే సరైన ప్రశ్న. మీ జన్యువు గురించి మీకు అలాంటి ముందస్తు ఊహ ఏదైనా ఉందా? ఉంటే ఆ ఊహకు తగ్గ పద్ధతి ఏది? ఈ ప్రశ్నకు జవాబు మీ థీసిస్‌లో ఒక పేజీ అయినా ఉండాలి.

మాత్రల సంగతి మీరు ఒక వాక్యంలో తేల్చేశారు. నాకు అది పెద్ద విషయం. అయిదో వంతు మందికి మీరు కొలిచింది మాత్ర తగ్గించిన బీపీ. వాళ్లను తీసేస్తే అసలు బీపీ ఎక్కువున్నవాళ్లనే తీసేసినట్టు. మాత్రను ఒక కోవేరియేట్‌గా (లెక్కలో సర్దుబాటు చేసే అదనపు అంశంగా) పెట్టడం ఇంకా చాలామంది చేస్తున్నారు, అదీ సంకేతాన్ని చంపేస్తుంది, ఎందుకంటే మాత్ర పడిందే బీపీ వల్ల. ఈ దారులను 2005లోనే పోల్చి చూశారు. మాత్ర వాడేవాళ్ల కొలతకు ఒక స్థిరసంఖ్య కలపడమో, అసలు విలువ కొలిచినదానికంటే ఎక్కువే అని చెప్పే సెన్సార్డ్ మోడల్ వాడటమో మేలని తేలింది. పెద్ద అధ్యయనాల్లో సిస్టాలిక్‌కు 15, డయాస్టాలిక్‌కు 10 కలపడం వాడుకగా ఉంది. మీరు ఏది చేశారో దానితోపాటు ఇంకోటి కూడా చేసి చూడండి. స్కాట్ జన్యువు ఒక దారిలో మెరిసి ఇంకో దారిలో ఆరిపోతే, మీరు పద్ధతులను కాక మాత్రల సర్దుబాటును పోలుస్తున్నారన్నమాట.

మీ సొంత పద్ధతి గురించి. ఇది రాసేటప్పుడు మీకు ఎంత బాధ కలిగిందో ఆ వాక్యాల్లో తెలుస్తోంది. కొన్ని లెక్కలు మీ చేతిలో పెడతాను. మీరు 200 సిమ్యులేషన్లు నడిపారనుకుందాం. ఏ ప్రభావమూ లేని డేటా మీద 5 శాతం గీత పెడితే సగటున 10 దొంగ సంకేతాలు రావాలి, 4 వచ్చినా 16 వచ్చినా కంగారు పడేది లేదు. పవర్, అంటే నిజంగా ఉన్న ప్రభావాన్ని పట్టుకునే రేటు, 60 శాతం దరిదాపుల్లో ఉంటే అటూ ఇటూ 7 శాతం ఊగుతుంది. 58కీ 62కీ తేడా అని రాయలేరు. కాకపోతే రెండు పద్ధతులనూ ఒకే డేటాల మీద నడిపారు కాబట్టి జతలుగా పోల్చొచ్చు: మీది పట్టి అది వదిలేసినవి ఎన్ని, అది పట్టి మీది వదిలేసినవి ఎన్ని. ఈ లెక్క చూశాక మీది నిజంగా ఓడిందో లేదో చెప్పండి. ఇంకోటి, దొంగ సంకేతాల రేటు రెండింటికీ సమానమయ్యాకే పవర్ పోలికకు అర్థం. రిగ్రెషన్ పవర్ మీ పట్టికలో అన్నిటికంటే పైన ఉండి ఉంటుంది, అది గెలుపు కాదు.

నిజంగానే ఓడిందనుకుందాం. ఎందుకు ఓడిందో మీకు తెలిసే ఉండాలి. జన్యు ప్రభావం వయసుతో మారకుండా ఎప్పుడూ ఒకేలా ఉంటే, మూడు నాలుగు విజిట్‌ల సగటు తీసుకుంటే చాలు, కొలతలోని ఊగిసలాట చాలామటుకు పోతుంది. మీ పద్ధతి అదనంగా మోసే పారామీటర్ల బరువుకు అక్కడ ప్రతిఫలం లేదు. ప్రభావం వయసుతో పెరుగుతుంటే, లేదా మనుషులు మధ్యలో విజిట్‌లు మానేస్తుంటే, అప్పుడు మీది ముందుకు రావాలి. వస్తోందా? వస్తే ఎక్కడ మొదలవుతుంది, ఎన్ని విజిట్‌లు ఉంటే? ఈ సరిహద్దును గీసి చూపిన పని ఈ డేటాతో కూర్చునే తరవాతి మనిషికి నేరుగా పనికొస్తుంది. గెలిచే సిమ్యులేషన్లే చూపిస్తే ఆ సరిహద్దే మాయమైపోతుంది. మీ చేతులతో మీ పద్ధతికి ఉన్న అసలు విలువను చెరిపేసినట్టవుతుంది, అదే నాకు ఎక్కువ బాధ.

ఈ రకం పోలికకు మంచి ఆనవాయితీ ఉంది. 2012లో జరిగిన 18వ జెనెటిక్ అనాలిసిస్ వర్క్‌షాప్‌లో బీపీ డేటానే ఇచ్చారు. మెక్సికన్ అమెరికన్ కుటుంబాల జన్యు క్రమాలు, కొన్నేళ్లపాటు కొలిచిన బీపీ, వాటితోపాటు జవాబు తెలిసిన 200 సిమ్యులేషన్లు. అందులో మ్యాప్4 అనే జన్యువుకు పెద్ద ప్రభావం పెట్టారు. ఏ జన్యు ప్రభావమూ లేని ఒక కొలతను కూడా కావాలనే చేర్చారు, దొంగ సంకేతాలను పరీక్షించుకోవడానికి. ఎన్నో బృందాలు ఒకే డేటా మీద తమ పద్ధతులు నడిపాయి. మీది కూడా ఆ కోవలో పనే. గైడ్‌గారికి ఆ వర్క్‌షాప్ ప్రచురణలు రెండు మూడు ముందు పెడితే, ‘ఇలా రాసినా పేపరవుతుంది’ అని మీరు వేరే చెప్పక్కర్లేదు.

ఇక మీ ముందున్న దారులు. గైడ్‌గారు చెప్పినట్టే చేశారనుకోండి. పేపర్ పడొచ్చు, థీసిస్ త్వరగా కదలొచ్చు. అది అబద్ధమని నేననను. కానీ అయిదు పద్ధతులు నడిపి బాగున్నది ఒక్కటే చూపితే, మీరు రాసే పీ-విలువ ఇక ఆ పీ-విలువ కాదు. అయిదూ ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతే, 5 శాతం గీత దగ్గర ఏదో ఒకటి ఊరికే దాటే అవకాశం దాదాపు 23 శాతం. మీవి సంబంధం ఉన్నవి కాబట్టి అంత కాకపోవచ్చు, 5 మాత్రం కాదు. వైవాలో ఎవరైనా ‘ఇంకేం ప్రయత్నించారు’ అని అడిగితే జవాబు చెప్పాల్సింది మీరు, గైడ్‌గారు కాదు.

అన్నీ ఉన్నవున్నట్టు రాయడం రెండో దారి. అయిదు పద్ధతులు, రెండు మాత్రల సర్దుబాట్లు, కుటుంబాలను తీసేస్తూ వేసిన పట్టిక. పెద్ద జర్నల్ రాకపోవచ్చు, గైడ్‌గారు కొన్నాళ్లు ముభావంగా ఉండొచ్చు. థీసిస్ మాత్రం పద్ధతుల పోలిక అన్న దాని పేరుకు తగ్గట్టు నిలబడుతుంది.

ఈ రెంటికీ మధ్యలో ఒకటుంది, గైడ్‌గారి మనసుకు దగ్గరగా ఉండేది. స్కాట్, బర్డెన్‌లను విడివిడిగా కాక స్కాట్-ఓ లాంటి కలిపిన పరీక్షతోనో, 2019లో వచ్చిన కోషీ కలయికతోనో ఒక్క పీ-విలువగా చూపించండి. అది జన్యువుల స్థాయి గీత, అంటే 20 వేల జన్యువులకు 0.0000025, దాటితే ఆ జన్యువును ధైర్యంగా ముందుకు తీసుకురావచ్చు. ఆపైన వేరే కోహోర్ట్‌లోనో (వేరే మనుషుల బృందం డేటాలోనో), పెద్ద కన్సార్షియంలు అందరికీ తెరిచిపెట్టిన ఫలితాల్లోనో ఆ జన్యువును వెతకండి. అక్కడ మీ డేటాలోని కుటుంబంలో కనిపించిన మార్పే ఉండకపోవచ్చు, అరుదైనవి అలాగే ఉంటాయి. జన్యువు స్థాయిలో ఏదైనా కదలిక ఉందా అన్నదే చూడాలి. దీనికి సమయం పడుతుంది, చివర్లో ఆ జన్యువు మాయమైనా అవ్వొచ్చు. ఆ రెంటికీ సిద్ధపడి దిగాలి.

నన్నడిగితే నా మొగ్గు రెండో దారి వైపు, వీలుంటే మూడోదాన్ని దానికి జోడించి. కానీ మీ ఫెలోషిప్ గడువు ఎంత ఉందో, ఇంటి పరిస్థితి ఎలా ఉందో నాకన్నా మీకే తెలుసు.

గైడ్‌గారి దగ్గరకు ‘ఇది తప్పు సర్’ అంటూ వెళ్లకండి. ఒక పేజీ పట్టుకెళ్లండి: రెండు క్యూక్యూ ప్లాట్లు పక్కపక్కన, కింద కుటుంబాల పట్టిక. ‘వైవాలో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ఇది అడిగితే ఏం చెప్పమంటారు సర్?’ అని అడగండి. మీకు నేర్పిన మనిషి అంటున్నారు కదా, ఆ పేజీ ఆయన చదవగలరు. పేపర్ కావాలన్న ఒత్తిడి ఆయన మీద కూడా ఉండొచ్చు. అప్పటికీ ఆయన ఒప్పుకోకపోతే మీ డాక్టోరల్ కమిటీలో గణాంకాలు తెలిసినవారితో ఇదే పేజీ పెట్టుకుని సలహా అడగండి, ఫిర్యాదుగా మాత్రం వద్దు. నడిపిన ప్రతి స్క్రిప్టూ తేదీతో సహా దాచుకోండి.

ఒకవేళ మీ జన్యువు ఏ కుటుంబాన్ని తీసేసినా నిలబడిందనుకోండి, మాత్రల సర్దుబాటు మార్చినా కదలలేదనుకోండి, కలిపిన పరీక్షలోనూ గీత దాటిందనుకోండి. అప్పుడు గైడ్‌గారు చెప్పినట్టే దాన్ని హెడ్డింగ్‌లో పెట్టండి. మిగతా నాలుగు పద్ధతుల ఫలితాలు మాత్రం దాని కిందే, అదే పట్టికలో ఉంచండి.